ఎఱ్ఱచుక్క దీపము - సదాచార విచారము

శరణధర్మములో చిన్నపని, పెద్దపని అను భేదము లేదు. పన్నెండవ శతాబ్దమున కల్యాణ నగరములో బసవేశ్వరుని చుట్టు చేరినవారిలో పడవ నడుపు చౌడయ్య కలడు, త్రాళ్లు పేను చందయ్య కలడు, చెప్పులు కుట్టు హరళయ్య కలడు. అనుభవమంటపమున వారు చేసిన విచారము పరశివతత్త్వముతో ఆగిపోలేదు. ఎట్లు సంపాదింపవలెను, ఎంత ఉంచుకొనవలెను, మిగిలినది ఎవరికి చెందును అనునవి వారికి లింగపూజకు వెలుపలి ప్రశ్నలు కావు. అందుచేత నేటి గృహములో ప్రతి రాత్రి ఎదురగు ఒక అల్పవిషయమును ఆ దృష్టితో పరిశీలించుట అనుచితము కాజాలదు.

రాత్రి భోజనములు ముగిసి, ఇంటివారందఱు నిద్రించిన పిమ్మట నడిమింటిలోనికి వచ్చి చూచినచో అచ్చట చీకటి పూర్తిగా ఉండదు. టెలివిజను అంచున ఒక ఎఱ్ఱచుక్క వెలుగుచుండును. సెట్ టాప్ బాక్సు మీద గడియారపు అంకెలు కనబడును. వంటయింటిలో మైక్రోవేవ్ పొయ్యి కాలమును చూపుచుండును. ఫోను తీసివేసిన పిమ్మటను ఛార్జరు గోడకు వ్రేలాడుచుండును. వీని నన్నిటిని కట్టివేసితిమనియే ఇంటివా రనుకొందురు. నిజమునకు రిమోటు మీట నొక్కినప్పుడు ఆ యంత్రములు కునుకు తీయునే గాని ఆగిపోవు. ఈ స్థితికే స్టాండ్‌బై అని పేరు. గోడమీద నున్న మీటను కట్టినప్పుడు మాత్రమే అవి నిజముగా ఆగును.

ఇట్లు ఏల జరుగుచున్నది? పూర్వపు టెలివిజను పెట్టెలకు చేతితో త్రిప్పు మీట ఉండెడిది. దానిని త్రిప్పినచో విద్యుత్తు వచ్చు మార్గమే తెగిపోయెడిది. రిమోటు వచ్చిన పిమ్మట ఆ పద్ధతి మాఱినది. దూరము నుండి వచ్చు కంటికి కనబడని కిరణమును గ్రహించుటకు పెట్టెలోని ఒక చిన్నభాగము ఎల్లవేళల మేల్కొని ఉండవలెను. దానికి విద్యుత్తు నందించు భాగమును మేల్కొని ఉండవలెను. మంచము దిగకుండ యంత్రమును లేపగలుగుటకై, ఆ యంత్రము దినమునకు ఇరువదినాలుగు గంటలు ఆజ్ఞకొఱకు ఎదురుచూచుచుండును.

ఈ ఎదురుచూపునకు అయ్యెడు వ్యయము ఎంత? లెక్క సులభమైనది. సంవత్సరమునకు 8,760 గంటలు. ఒక్క వాటు చొప్పున సంవత్సరమంతయు ఖర్చయినచో 8.76 యూనిట్లగును. నేటి క్రొత్త టెలివిజను కునుకులో నుండగా తీసికొనునది సాధారణముగ అర వాటునకు మించదు. అనగా ఏడాదికి నాలుగున్నర యూనిట్ల లోపు. పాత యంత్రములు ఇంతకు పలురెట్లు తీసికొనును. కొన్ని సెట్ టాప్ బాక్సులు మెలకువలో ఎంత తీసికొనునో కునుకులోను ఇంచుమించు అంతయే తీసికొనును. పది వాట్లు తీసికొను పెట్టె దినమునకు పదునెనిమిది గంటలు ఊరక ఉన్నచో ఏడాదికి దాదాపు 66 యూనిట్లు చూడనివారికొఱకు ఖర్చగును. ఛార్జరు విషయములోను ఇట్టి భేదమే కలదు. ఇనుప దిమ్మతో చేసిన బరువైన పాతరకము ఊరక వ్రేలాడుచున్నను వెచ్చగా తగులును; క్రొత్తరకపు తేలికైన ఛార్జరు తీసికొనునది వాటులో స్వల్పాంశము మాత్రమే.

ఈ విషయమును ప్రపంచములోని పెద్దలు గుర్తింపకపోలేదు. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల శాస్త్రజ్ఞులు గత శతాబ్దపు చివరి దశకములో దీనిని కొలిచి చూపిరి. సంపన్నదేశముల గృహములలో వాడు విద్యుత్తులో నూటికి అయిదు మొదలు పదివంతుల వరకు ఈ విధముగ పోవుచున్నదని నాటి అంచనా. 1999లో అంతర్జాతీయ ఇంధన సంస్థ ప్రతి యంత్రము యొక్క ఎదురుచూపు వ్యయమును ఒక్క వాటునకు తగ్గింపవలెనను సంకల్పమును దేశముల ముందుంచినది. ఐరోపా కూటమి 2008లో శాసనము చేసి, 2010 నుండి ఒక వాటును, 2013 నుండి అర వాటును పరిమితిగా నిర్ణయించినది. సమాచారము చూపు తెర యున్న వానికి దానికి రెట్టింపు. క్రొత్త యంత్రములు మెఱుగుపడుటకు ఇట్టి నియమములే ముఖ్యకారణము. అనగా సమస్యలో ఒక భాగమును శాసనము తీర్చినది. మిగిలిన భాగము గృహస్థుని చేతిలో నున్నది.

ఇచ్చట ఒక పూర్వపక్షము బయలుదేరును. "నాలుగు యూనిట్లకొఱకు ఇంత విచారమా? రెండు వేల వాట్ల గీజరు అరగంటలో ఒక యూనిట్టు త్రాగివేయును. ఏ.సీ. ఒక రాత్రిలో పెట్టు ఖర్చు టెలివిజను ఎఱ్ఱచుక్క ఏడాదిలోనైన పెట్టదు. ఇది పర్వతమును విడిచి పరమాణువును పట్టుకొనుట గాదా?" అని యడుగవచ్చును.

ఈ మాటలో సత్యము కలదు; దానిని త్రోసివేయరాదు. తలుపులు తెఱచి ఏ.సీ. నడపుచు, ఛార్జరు ఊడబెఱికి ధర్మము నెఱవేర్చితినని సంతోషించువాడు తన్ను తానే మోసగించుకొనుచున్నాడు. బాహ్యచిహ్నముతో అంతరంగపు లోపమును కప్పిపుచ్చుకొనుట శరణులు తీవ్రముగా నిరసించినది. కావున పెద్దవ్యయమును మొదట సవరించుకొనవలెననుట న్యాయమే. కాని పెద్దది కలదు గనుక చిన్నది లెక్కింపరాదనుట న్యాయము కాదు. ఏ.సీ. వలన ఒకరికి చల్లదనమైనను కలుగుచున్నది. గీజరు వలన ఒకరు స్నానము చేయుచున్నారు. నిద్రించు ఇంటిలో వెలుగు ఎఱ్ఱచుక్క ఎవరికి ఉపకరించుచున్నది? అది ఎంత అల్పమైనను అనుభవించువాడు లేని వ్యయము. అనుభోక్త లేని వ్యయమునకే వృథా అని పేరు.

మఱియు, ఒకని అల్పము అందఱి అల్పములతో కూడినప్పుడు అల్పము కాదు. ఒక కోటి ఇండ్లలో ఇంటికి అయిదు వాట్ల చొప్పున ఇట్లు పోయినదని భావించినచో మొత్తము ఏబది మెగావాట్లు రేయింబవళ్లు కావలసివచ్చును. ఏడాదికి అది 43.8 కోట్ల యూనిట్లు. మన దేశములో ఒక యూనిట్టు విద్యుత్తు వెంట సగటున ఏడువందల గ్రాముల ప్రాంతమున బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియుచున్నది. ఆ లెక్కన ఆ యూనిట్ల వెంట వెలువడునది మూడు లక్షల టన్నులు. దానిని పంపినది ఏ ఒక్కరును కారు. అందఱును కలిసి, ఎవరును తెలియకయే పంపిరి.

ఆయిదక్కి మారయ్య, లక్కమ్మల కథ ఈ సందర్భమున స్మరణీయము. నేలరాలిన బియ్యపుగింజలను ఏఱి తెచ్చి, వండి, జంగమదాసోహము చేయుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు నిత్యము తెచ్చు కొలత కంటె అధికముగా బియ్యము తెచ్చెను. గింజలు దొంగిలించినవి కావు, ఒకరి చేతి నుండి గుంజుకొన్నవి కావు, నేలపై నున్నవే. అయినను లక్కమ్మ అంగీకరింపలేదు. ఆనాటి అవసరమునకు మించినది ఆశవలన వచ్చినది. దానిని తిరిగి తీసికొనిపోయి పోసి రమ్మనెను. గింజల సంఖ్యను బట్టి చూచిన ఇది అల్పవిషయమే. లక్కమ్మ చూచినది సంఖ్యను కాదు, కొలత తప్పిన మనస్సును. విద్యుత్తు విషయములోను ప్రశ్న ఇదియే. అవసరము ఎచ్చట ముగిసినదో ఆ గృహస్థునకు తెలియునా? తెలిసిన పిమ్మట అచ్చట ఆగునా?

మఱియొక పూర్వపక్షము కలదు. "బిల్లు చెల్లించుచున్నాము. సొమ్ము మాది. దానితో ఏమి చేసిన నేమి?" అనునది. దీనికి బసవేశ్వరుని జీవితమే సమాధానము. అతడు బిజ్జలుని భాండారమునకు అధికారియయ్యు, ఆ ధనమును తనదిగా భావింపలేదు. భాండారము కొల్లబోయినదని కొండెములు చెప్పినవారి యెదుట లెక్క చూడగా ఏమియు తగ్గలేదని కథ. చేతిలో నున్నదంతయు శివునిదనియు, తాను కాపాడువాడు మాత్రమే యనియు నమ్మిన వానికి, వెల చెల్లించుట వేఱు, స్వామ్యము వేఱు. అదియును గాక, విద్యుత్తు యొక్క వెల అంతయు ఆ బిల్లులో నుండదు. పొగ పీల్చువాని వెల అందులో లేదు. రానున్న తరము భరింపవలసిన వేడిమి వెల అందులో లేదు. దానిని పుట్టించువాని శ్రమకును, ప్రాణమునకును సరియగు వెల ఏ బిల్లులోను వ్రాయుటకు వీలులేదు.

వీరశైవులకు శ్రీశైలము వంటి పుణ్యస్థలము మఱియొకటి లేదు. అక్కమహాదేవి చెన్నమల్లికార్జునుని వెదకుచు చేరిన కదళీవన మచ్చటనే కలదు. కృష్ణా మలప్రభా సంగమమున బసవేశ్వరుడు లింగైక్యము నొందిన కూడలసంగమమును తాకి వచ్చిన కృష్ణవేణియే శ్రీశైలమున ఆనకట్టలో నిలిచి, యంత్రముల త్రిప్పి, తెలుగువారి ఇండ్లకు వెలుగునిచ్చుచున్నది. సంగమమున ఐక్యమంటపము నారాయణపుర జలాశయపు నీటి నడుమ, చుట్టును కట్టిన గోడల రక్షణలో, నేటికిని నిలిచియున్నది. ఆ జలాశయమునకు బసవసాగరమనియే పేరు. శ్రీశైల జలాశయము నిండుటకై 1980 ప్రాంతమున అనేక గ్రామముల ప్రజలు తాతముత్తాతల ఇండ్లను విడిచి కదలిపోయిరి. 2020 ఆగస్టు 20వ తేది రాత్రి శ్రీశైలము ఎడమగట్టున నున్న భూగర్భ విద్యుత్కేంద్రములో అగ్నిప్రమాదము సంభవించి తొమ్మిదిమంది మరణించిరి. వారు ఆ రాత్రి తమ కాయకములో నుండిరి. గోదావరీతీరమున సింగరేణి గనులలో నేటికిని కార్మికులు భూమి కడుపులోనికి దిగి బొగ్గు తవ్వి తెచ్చుచున్నారు. కాయకమును కైలాసముగా భావించు సమాజము తన కాయకమును మాత్రమే కాక పరుల కాయకమును కూడ అట్లే భావింపవలెను గదా! ఒకడు ప్రాణమొడ్డి పుట్టించిన దానిని మఱియొకడు చూడనైన చూడక పాఱవేయుట కాయకమునకు చేసిన అవమానము.

అఱువదిమూడుగురు పురాతనులలో కలియనాయనారు నూనె గానుగ నాడించు కులమున పుట్టినవాడు. తిరువొత్తియూరు ఆలయమున దీపములు వెలిగించుట అతని సేవ. ధనము తఱిగిన పిమ్మట కూలికి గానుగ త్రిప్పి నూనె సంపాదించెను. అదియు దొరకనినాడు తన రక్తమునే ప్రమిదలో పోయుటకు సిద్ధపడెను. దీపమునకు వెల ఉన్నదని ఆ కాలపువారికి ఎవ్వరును చెప్పనక్కఱలేదు. ప్రమిదలో నూనె తగ్గుట కంటికి కనబడెడిది. నేటి దీపమునకు నూనె ఎక్కడనో రామగుండములోనో, శ్రీశైలములోనో తగ్గుచున్నది. కనబడని దానిని స్మరించుటకు బుద్ధి కావలెను. ఆ స్మరణయే ఇచ్చట కోరదగినది.

కొందఱు పెద్దలకు వేఱొక సంకోచము కలదు. తెలుగు ఇండ్లలో దీపమును ఆర్పివేసితిననుట అమంగళము. కొండెక్కినదనియో, ఘనము చేసితిననియో అందురు. గర్భాలయములో నందాదీపము రాత్రియంతయు వెలుగును. మఱి ఇంటిలోని చిన్న వెలుగును ఏల పూర్తిగా తీసివేయవలెను? దీనికి సమాధానము నందాదీపములోనే కలదు. నందాదీపమునకు కాపరి ఉన్నాడు. అతడు వత్తి సవరించును, నూనె పోయును, ఎవరికొఱకు వెలిగించుచున్నాడో ఎఱుగును. ఆ వెలుగు ఎఱుకతో కూడినది. ఎఱ్ఱచుక్కకు కాపరి లేడు. అది భక్తితో వెలిగించినది కాదు, మఱచి వదలివేసినది. రెండును రాత్రియంతయు వెలిగినను, ఒకటి అర్పణము, ఒకటి ఉపేక్ష.

అర్పణమును గూర్చి వీరశైవులకు వేఱుగ బోధింపనక్కఱలేదు. లింగమునకు అర్పించినంతనే పదార్థము ప్రసాదమగును. ప్రసాదమైన అన్నమును ఒక్క మెతుకైన వదలరాదని, తినిన పళ్లెమును కడిగి ఆ నీటిని కూడ త్రాగు ఆచారము నేటికిని పెక్కు ఇండ్లలో నిలిచియున్నది. మెతుకు విషయములో ఇంత జాగరూకత గల ఇల్లు, ఆ మెతుకును వండిన విద్యుత్తు విషయములో ఏల ఉదాసీనముగ నుండవలెను? శరణుల దృష్టిలో అన్నమొక్కటియే పదార్థము కాదు. ఇంద్రియములకు అందునదంతయు లింగార్పితము కావలసినదే. అట్లయినచో వెలుగు, గాలి, నీరు ప్రసాదములే. ప్రసాదమును పాఱబోయుట భక్తుని లక్షణము కాదు.

అయితే ఇది గ్రుడ్డి నియమముగ మాఱరాదు. ఆపవలసినవి కలవు, ఆపరానివి కలవు. రెఫ్రిజిరేటరును ఆపరాదు. రోగికి అమర్చిన ఉపకరణమును ఆపరాదు. దూరదేశమున నున్న బిడ్డల పిలుపుకొఱకు వృద్ధులు ఫోనును మేల్కొలిపి ఉంచుకొనుట వృథా కాదు. ఆ ఎదురుచూపునకు మనుష్యుడున్నాడు. ఓఎల్ఈడీ అను క్రొత్తరకపు టెలివిజన్లు కునుకులో నున్నప్పుడు తమ తెరను తామే సవరించుకొనును; అట్టివానిని ఆపిన వెంటనే గోడమీటను కట్టక కొంతసేపు విడువవలెనని తయారుచేసినవారే చెప్పుదురు. సిరాతో ముద్రించు కొన్ని ప్రింటర్లు లేపినప్పుడెల్ల తమ్ము తాము శుభ్రపఱచుకొనుటకు సిరా వాడును. మాటిమాటికి కట్టుటవలన అచ్చట నష్టమే కలుగును. విద్యుత్తును పొదుపుచేసి సిరాను పాఱబోయుట వివేకము కాదు.

ఆపదగినవానిని గుర్తించుట కష్టము కాదు. నిద్రించుటకు ముందు మీటరు అంకెలను వ్రాసికొని, ఉదయము మరల చూచినచో రాత్రి ఎంత పోయినదో తెలియును. రెఫ్రిజిరేటరు, ఫ్యాన్లు తీసికొనునది అందులో చేరియుండునని మఱువరాదు. చేతితో తాకి చూచినచో ఊరక వెచ్చగా నున్న పెట్టె దొంగవలె దొరకిపోవును. మన దేశపు గోడ ప్లగ్గులకు సాధారణముగ ప్రక్కనే మీట ఉండును. అది ఒక సౌకర్యము. అమెరికాలో స్థిరపడిన తెలుగువారి ఇండ్లలో అట్టి మీటలు సామాన్యముగ ఉండవు గనుక, మీట గల పొడిగింపు బోర్డును అమర్చుకొనుట ఉపాయము. టెలివిజను వెనుక మీట అందనిచోట ఇచ్చటను అదియే మార్గము. వానకాలమున ఉఱుములు మెఱుపులు గల రాత్రి ప్లగ్గు ఊడదీసిన యంత్రము పిడుగుపాటువలన చెడిపోవు అపాయము తగ్గునను లాభమును కలదు.

మఠములకు ఈ విచారము మఱింత తగియున్నది. మఠమునకు వచ్చు ప్రతి కానుకయు ఒక భక్తుని కాయకఫలము. ప్రార్థనమందిరములో ఉపన్యాసము ముగిసి అందఱు వెడలిన పిమ్మట మైకు సెట్టులోని ఆంప్లిఫయరు మఱునాటి వరకు మేల్కొని ఉన్నచో, కార్యాలయములోని కంప్యూటరు తెరలు రాత్రియంతయు కునుకుచున్నచో, ఆ మేరకు దాసోహపు బియ్యము తగ్గినట్లే. తుమకూరు సిద్ధగంగా మఠము వంటి స్థలములలో వేలమంది విద్యార్థులు ఉచితముగ భుజించి చదువుకొనుచున్నారు. అట్టి వసతిగృహములలో బాలురకు మీట కట్టుట నేర్పినచో, అది నియమముగ కాక ఆచారముగ వారి ఇండ్లకు చేరును.

గృహములలో ఒక దోషము తఱచుగ కనబడుచున్నది. మంచముమీద నున్న యజమానుడు రిమోటు నొక్కి, గోడమీటను కట్టివేయుమని భార్యకో, కోడలికో, పనిబాలికకో ఆజ్ఞాపించును. మఱచినచో కోపించును. ఇట్లయినచో ఆదా అయినది విద్యుత్తు మాత్రమే, ధర్మము కాదు. పూర్వపు దొరల ఇండ్లలో రాత్రియంతయు వాకిట నిలువబడు సేవకుడు ఉండెడివాడు. యజమాని కేకకు వెంటనే పలుకుట అతని పని. నేడు ఆ నిలువుకాళ్ల కొలువు యంత్రమునకు తప్పించి ఇంటి ఇల్లాలికి అప్పగించుట శివాచారము కాదు. పంచాచారములలో భృత్యాచారమనగా తాను అందఱికి సేవకుడనను భావము. ఎవడు చూచెనో వాడే లేచి కట్టవలెను. ఆ నాలుగడుగులు తానే వేయుటలో ఈ విచారమంతటి సారము కలదు.

చివరకు మనస్సును గూర్చి ఒక మాట. యంత్రములకే కాక మనుష్యులకును ఈ కునుకు అలవాటైనది. తలగడ ప్రక్కన ఫోను, చెవిలో దాని శబ్దముకొఱకు ఎదురుచూపు. నిద్రించినను నిద్ర కాదు, మేల్కొన్నను మెలకువ కాదు. ఇష్టలింగమును కరమున నుంచుకొన్న వేళ సైతము మనస్సు ఏ పిలుపుకొఱకో తొంగిచూచుచుండును. పూర్తిగా ఆగుట తెలియనివానికి పూర్తిగా అర్పించుటయు కుదురదు. పగలు నిండుగా పనిచేసి, సంధ్యవేళ నిండుగా లింగమందు నిలిచి, రాత్రి నిండుగా విశ్రమించుట శరణుల దినచర్య. లింగపూజకు కూర్చుండుటకు ముందు ఫోనును ఆపి వేఱొక గదిలో నుంచువానికి ఇందలి మేలు కొలది దినములలోనే తెలియును.

ఎఱ్ఱచుక్క మహాపాతకము కాదు. దానిని కట్టినంతనే ఎవడును శరణుడు కాడు. అయినను, తన ఇంటిలో వెలుగుచున్న ప్రతి దీపము ఎవరికొఱకు వెలుగుచున్నదో ఎఱిగియుండుట గృహస్థుని విధి. తెలిసి ఉంచినది ఉండనిమ్ము. తెలియక మిగిలినది ఆగనిమ్ము. బిడ్డలు ఈ ప్రశ్నను అడుగ నేర్చిన ఇంటిలో సదాచారము తానే నిలుచును.